కుటుంబ వేదిక: కంచె దగ్గర కాపలా కాసే కొడుకు



మాకు వచ్చే ఉత్తరాలలో పిల్లల చదువుల గురించి, పెండ్లి సంబంధాల గురించి అడిగేవే ఎక్కువ. ఈ మధ్య మరొక సంగతి కూడా తరచుగా కనిపిస్తున్నది. ఒక తల్లి ఇలా వ్రాశారు: "మా చిన్నవాడు పది పాసై, ఇంటరు మధ్యలో ఆపేశాడు. ఇప్పుడు బోర్డరు ఫోర్సులో చేరతానని రోజూ తెల్లవారుజామున చెరువుగట్టు మీద పరుగు తీస్తున్నాడు. వాళ్ల నాన్నగారు సరేనన్నారు. నాకు మాత్రం కంటికి కునుకు లేదు. పంపమంటారా, వద్దంటారా?"

పంపమనడానికి గాని, వద్దనడానికి గాని మేమెవరము? అయితే ఆ ఉద్యోగము ఎటువంటిదో, అందులో నిజమైన కష్టము ఎక్కడ ఉన్నదో చెప్పగలము. సినిమాలలో చూసేది తుపాకులు, జెండాలు, పాటలు. అసలు ఉద్యోగము అలా ఉండదు.

మొదట ఒక తేడా తెలుసుకొనవలెను. సరిహద్దులో ఉన్నవాడంటే మిలిటరీవాడే అని మన ఊళ్లలో అనుకొంటారు. శాంతి కాలములో సరిహద్దు కాపలా ఎక్కువ భాగము సైన్యము పని కాదు, కేంద్ర హోంశాఖ క్రింద ఉన్న దళాల పని. పాకిస్తాన్, బంగ్లాదేశ్ సరిహద్దులు సరిహద్దు భద్రతా దళానివి. దానినే బి.ఎస్.ఎఫ్. అంటారు. చైనా వైపు ఐ.టి.బి.పి., నేపాల్, భూటాన్ వైపు ఎస్.ఎస్.బి., మయన్మార్ వైపు అస్సాం రైఫిల్స్ ఉన్నాయి. కాశ్మీర్ నియంత్రణ రేఖ మీద మాత్రం బి.ఎస్.ఎఫ్. సైన్యముతో కలిసి పని చేస్తుంది. 1965కు ముందు పాకిస్తాన్ సరిహద్దును ఆయా రాష్ట్రాల పోలీసులే కాసేవారు. ఆ ఏడాది కచ్‌లో జరిగిన దాడితో అది చాలదని తేలింది. 1965 డిసెంబరు 1న బి.ఎస్.ఎఫ్. ఏర్పడింది. దాని మొదటి అధిపతి కె.ఎఫ్. రుస్తంజీ. ఈ రోజు ఆ దళములో రెండున్నర లక్షల మందికి పైగా ఉన్నారు. మన దేశపు సరిహద్దు గీత మొత్తము పాకిస్తాన్ వైపు సుమారు 3,300 కిలోమీటర్లు, బంగ్లాదేశ్ వైపు 4,096 కిలోమీటర్లు.

చేరే దారి ఇప్పుడు మన పిల్లలకు కొంత సులువైంది. కానిస్టేబుల్ పరీక్ష ఒకప్పుడు హిందీలోనో ఇంగ్లీషులోనో వ్రాయవలసి వచ్చేది. 2024 నుండి తెలుగులో కూడా వ్రాయవచ్చును. పదవ తరగతి చాలు. వయస్సు 18 నుండి 23 వరకు, షెడ్యూల్డు కులాలకు, వెనుకబడిన తరగతులకు సడలింపు ఉంటుంది. మగపిల్లలు 5 కిలోమీటర్లు 24 నిమిషాలలో పరుగెత్తాలి. మూల వేతనము 21,700 రూపాయలతో మొదలై, కరువు భత్యము మొదలైనవి దానిమీద కలుస్తాయి. కౌలు సేద్యము చేసుకొనే ఇంటికి అది చిన్న మాట కాదని మాకు తెలుసు.

పరీక్ష తెలుగులో వ్రాసినా, ట్రైనింగులో మొదటి రోజు నుండి ఆజ్ఞలన్నీ హిందీలోనే. మన పిల్లవాడు మొదట పడే కష్టము ఇదే. నవ్వులాటలోనూ తిట్లలోనూ వెనుకబడి, మొదటి ఆరు నెలలు మూగవానివలె గడుపుతాడు. తరువాత పంజాబ్‌లో వేస్తే పంజాబీ, బెంగాల్‌లో వేస్తే బెంగాలీ చెవిన పడుతుంది. అన్నము తిని పెరిగినవానికి రెండు పూటలా రొట్టె, పప్పు. అమ్మలు కట్టి పంపే కందిపొడి, గోంగూర పచ్చడి డబ్బా అక్కడ బంగారముతో సమానము, పది మంది పంచుకొంటారు.

ఇక పని సంగతి. సరిహద్దు వెంబడి కొన్ని కిలోమీటర్లకు ఒకటి చొప్పున చౌకీలు ఉంటాయి. వాటిని బి.ఓ.పి. అంటారు. ఒక్కొక్క దానిలో కొద్దిమంది జవానులు, ఒక వంటశాల, ఒక ఎత్తైన మచ్చె, కంచె వెంట ఒక బాట. పగలు కాపలా, గేటు డ్యూటీ, గస్తీ. చీకటి పడితే నాకా, అనగా గీతకు దగ్గరగా మాటు వేసి, లైటు లేకుండా, చుట్ట బీడీ లేకుండా, మాట్లాడకుండా గంటల తరబడి కూర్చోవడం. ఆ రాత్రి ఏమీ జరగదు. మరునాటి రాత్రి కూడా ఏమీ జరగదు. అలా రెండు నెలలు ఏమీ జరగకపోవచ్చును. కాని ఆ అరవై రాత్రులలో ఏ ఒక్క రాత్రి కన్ను మూసినా, సరిగ్గా ఆ రాత్రే జరుగుతుంది. పొలము కాపలాకు మంచె మీద పడుకొన్న మన రైతులకు ఈ బాధ కొంత తెలుసు. అడవిపంది వచ్చేది మనము నిద్రపోయిన రాత్రే గదా! అయితే రైతుకు అది పంటకాలములో కొన్ని వారాలు. ఇక్కడ సంవత్సరాలు.

నిద్ర ముక్కలైపోవడము ఈ ఉద్యోగములో పెద్ద కష్టము. రాత్రి ఒక విడత డ్యూటీ, పగలు మరొక విడత, మధ్యలో ఆయుధము శుభ్రము చేయడము, గుడ్డలు ఉతకడము, హాజరు. వరుసగా ఆరేడు గంటలు పడుకొనే రోజు పండుగ.

చోటును బట్టి బాధ మారుతుంది. రాజస్థాన్ ఎడారిలో మే, జూన్ నెలలలో ఎండ 50 డిగ్రీలకు దగ్గరగా పోతుంది. అక్కడ ఒంటెల మీద గస్తీ ఉంది. కంచె పక్కన ఇసుకను చదును చేసి ఉంచుతారు. తెల్లవారగానే దాని మీద పాదముద్రలు ఉన్నాయేమో వెదుకుతారు. చెప్పు ముందుకు నడిచినదా, దారి తప్పించడానికి వెనుకకు నడిచినదా, మనిషి బరువు మోసుకొని పోయాడా అని చెప్పగల నేర్పరులు ఉన్నారు. కచ్ తీరములో ఎడారి కాదు, బురద. అక్కడ పడవల మీద, మోకాలి లోతు అడుసులో తిరగాలి. తాగే నీరు కూడా బయటి నుండి రావలసిందే. బెంగాల్ సుందరవనాలలో చౌకీయే నీటి మీద తేలే ఓడ. జమ్మూ వైపు భూమి క్రింద సొరంగాలు తవ్వి వచ్చినవారు ఉన్నారు. 2020, 2021 సంవత్సరాలలో సాంబా, కఠువా ప్రాంతాలలో అటువంటివి కొన్ని బయటపడ్డాయి.

పంజాబ్‌లో ఇప్పుడు భయము ఆకాశము నుండి. డ్రోనులకు హెరాయిన్ పొట్లాలు, పిస్తోళ్లు కట్టి రాత్రివేళ కంచె పైగా పంపుతున్నారు. 2024 ఒక్క ఏడాదిలో పంజాబ్ సరిహద్దులో బి.ఎస్.ఎఫ్. 294 డ్రోనులను పట్టుకొన్నది. ఇదివరకు జవాను ఎదురుగా చూస్తే చాలేది. ఇప్పుడు మెడ ఎత్తి, తేనెటీగ రొద వంటి ఆ చప్పుడు కోసము చెవి రిక్కించి కూర్చోవాలి. తేనెటీగ అంటే గుర్తుకు వచ్చింది, 2023లో బెంగాల్ నదియా జిల్లాలో ఒక బెటాలియన్ వారు కంచెకే తేనెపెట్టెలు వ్రేలాడదీశారు. కంచె కోయడానికి వచ్చేవారిని ఈగలు తరుముతాయి, తేనె ఊరివారికి ఆదాయము. బుద్ధి గల పనే.

కంచె అనగానే సరిగ్గా గీత మీద ఉంటుందనుకొంటాము. అలా కాదు. కంచె మన భూమిలోనే, గీతకు ఇవతల వేస్తారు. బంగ్లాదేశ్ వైపు 150 గజాల లోపల రక్షణ కట్టడాలు ఉండకూడదని 1975లో ఒప్పందము. కాబట్టి కంచెకు అవతల, గీతకు ఇవతల మన రైతుల పొలాలు ఉండిపోయాయి. బెంగాల్‌లో ఇండ్లు కూడా ఉన్నాయి. పంజాబ్ రైతు తన సొంత పొలానికి పోవాలంటే జవాను గేటు తీయాలి. పగటి పూట కొన్ని గంటలే తీస్తారు. గుర్తింపు కార్డు చూపాలి, ట్రాక్టరు వెదకనివ్వాలి. ఎత్తుగా పెరిగే పైరు అక్కడ వేయకూడదు. నీళ్లు పెట్టే వేళ దాటిపోతున్నదని రైతు తిడతాడు. ఆ తిట్టు తినేవాడు ఎవరు? తన ఊరిలో తండ్రి కూడా కరెంటు వేళల కోసము లైన్‌మన్‌ను తిడుతూ సేద్యము చేసే పిల్లవాడే! ఆడకూలీలను తనిఖీ చేయడానికి 2009 నుండి మహిళా కానిస్టేబుళ్లు కూడా ఆ గేట్ల దగ్గర నిలబడుతున్నారు. మన ఆడపిల్లలు కూడా ఈ పరీక్ష వ్రాస్తున్నారు గనుక ఈ మాట చెబుతున్నాము.

ఆ గీత కంటికి కనబడదు. 2025 ఏప్రిల్ 23న, పహల్గాం దాడి జరిగిన మరునాడు, ఫిరోజ్‌పూర్ దగ్గర బెంగాల్ జవాను ఒకడు రైతులకు కాపుగా కంచె అవతలికి వెళ్లాడు. ఎండకు ఓర్వలేక చెట్టు నీడకు జరిగాడు. ఆ చెట్టు గీతకు అవతల ఉంది. పాకిస్తాన్ రేంజర్లు పట్టుకొన్నారు. మామూలు రోజులలో అయితే ఇరువైపుల అధికారులు జెండా సమావేశములో కూర్చొని ఒకటి రెండు రోజులలో పంపించివేసేవారు. ఆ దినాలు మామూలువి కావు. గర్భవతియైన భార్య కొడుకును వెంటబెట్టుకొని హుగ్లీ జిల్లా నుండి ఫిరోజ్‌పూర్‌కు పోయి అధికారులను అడిగింది. రెండు దేశాల మధ్య కాల్పులు మొదలై, ఆగి, చివరకు మే 14న అట్టారీ దగ్గర అతనిని అప్పగించారు. 21 రోజులు. నాలుగడుగుల నీడకు!

ప్రాణాపాయము లేదని మేము చెప్పము. 2020 నవంబరు 8 రాత్రి కాశ్మీర్ మాచిల్ ప్రాంతములో చొరబడేవారిని మొదట చూసినది బి.ఎస్.ఎఫ్. గస్తీ. ఆ కాల్పులలో త్రిపుర వాడైన బి.ఎస్.ఎఫ్. కానిస్టేబుల్ మరణించాడు. సహాయానికి వచ్చిన సైనికులలో ముగ్గురు మరణించగా, వారిలో ఇద్దరు మన తెలుగువారు, ఒకరిది చిత్తూరు జిల్లా, మరొకరిది నిజామాబాద్ జిల్లా. ఆ రెండు ఊళ్లలో ఆ వారము పొయ్యి ఎలా రాజి ఉంటుందో ఊహించగలము.

అయితే మరణము కన్నా కూడా ఈ ఉద్యోగస్థులను లోలోపల తినేది మరొకటి ఉన్నదని మా అభిప్రాయము. ఎదురుగా వచ్చేవాడు ఎవడో చీకటిలో తెలియదు. కంచె దాటేవారందరూ శత్రువులు కారు. బంగ్లాదేశ్ వైపు పశువులను తోలుకుపోయేవాడు, దగ్గు మందు సీసాలు మోసే కూలీ, పుట్టింటికి పోయే ఆడకూతురు, కూలి కోసము పోయే బీదవాడు, వీరిలోనే నిజమైన నేరస్థుడు కూడా ఉంటాడు. అతని చేతిలో కొడవలి ఉండవచ్చును, జవానుల మీద దాడులు జరిగాయి కూడా. నిర్ణయానికి ఉన్న సమయము రెండు మూడు క్షణాలు. తుపాకి పేలిస్తే ఒక తప్పు, పేల్చకపోతే మరొకటి.

2011 జనవరి 7 తెల్లవారుజామున కూచ్‌బిహార్ సరిహద్దులో 15 ఏళ్ల బంగ్లాదేశ్ బాలిక తండ్రితో కలిసి నిచ్చెన మీదుగా కంచె దాటుతుండగా బట్ట ముళ్లకు చిక్కుకొన్నది. జవాను కాల్చాడు. ఆ పిల్ల దేహము గంటల తరబడి కంచె మీదనే వ్రేలాడినది. ఆ చిత్రము లోకమంతా చూసింది. ఆ కానిస్టేబుల్‌ను దళము తన సొంత న్యాయస్థానములో విచారించి 2013లో నిర్దోషి అన్నది, తిరిగి విచారించి 2015లోనూ అదే తీర్పు ఇచ్చినది. ఆ తీర్పుతో మా మనస్సు సమాధానపడలేదని చెప్పకుండా ఉండలేము. ముళ్లకు చిక్కుకొన్న పిల్ల ఎక్కడికి పారిపోతుంది? 2011లోనే బంగ్లాదేశ్ సరిహద్దులో ప్రాణము తీయని ఆయుధాలు వాడాలని నిర్ణయించారు. మరణాలు తగ్గాయి, ఆగిపోలేదు. దీనిలో జవాను వైపు మాట కూడా ఒకటి ఉన్నది. చేతిలో రబ్బరు గుండ్ల తుపాకి ఉన్నదని తెలిసి గుంపుగా మీదకు వచ్చేవారు ఉన్నారు. రెండూ నిజమే. మన బిడ్డను ఆ స్థలములో నిలబెట్టబోయేముందు తల్లిదండ్రులు ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడవలసిన సంగతి ఏదైనా ఉంటే ఇదే. పరుగు పందెము కోచింగు సెంటరు నేర్పుతుంది. కాల్చకుండా ఆగవలసిన వేళ ఏదో అక్కడ నేర్పరు.

ఇది మన దేశానికే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో బోర్డర్ పెట్రోల్ అనే దళము 1924 నుండి ఉన్నది. మెక్సికో వైపు మూడు వేల కిలోమీటర్లకు పైగా గీత. అక్కడ కూడా ట్రక్కు వెనుక టైర్లు కట్టి లాగి ఇసుక చదును చేసి, పొద్దున్నే అడుగుజాడలు వెదుకుతారు, మన రాజస్థాన్‌లో వలెనే. ఆ ఉద్యోగులలో దాదాపు సగము మంది స్పానిష్ మాట్లాడే వంశాల వారే. తన తాత మాట్లాడిన భాషలో ఏడ్చేవారిని వెనుకకు పంపించడము వారి పని. ఎడారిలో దాహముతో పడిపోయినవారిని వెదికి బ్రతికించడానికి 1998లో ఆ దళములోనే ప్రత్యేక బృందము ఏర్పరచారు. పట్టుకొనే చెయ్యి, నీళ్లు పోసే చెయ్యి ఒకటే. కెనడా వైపు గీత దగ్గర 2022 జనవరిలో నలుగురు గడ్డకట్టి చనిపోయారని చదివాము గదా, గుజరాత్ నుండి వెళ్లిన తల్లిదండ్రులు, పదకొండేళ్ల పిల్ల, మూడేళ్ల బాబు. ఏజెంటును నమ్మి దొంగదారిన పోయినవారు. అమెరికా మోజున్న తెలుగు ఇండ్లవారు ఆ సంగతి మరచిపోకూడదు.

ఇప్పుడు ఇంటి సంగతికి వస్తాము. మా అసలు మాట ఇక్కడ ఉన్నది.

మునుపు ఉత్తరాల కాలములో, అత్తకూ కోడలికీ మాటామాటా వచ్చిందని ఇంటి నుండి వ్రాసిన ఉత్తరము జవానుకు చేరేసరికి పది పదిహేను రోజులు పట్టేది. ఈలోగా వారిద్దరూ కలిసి ఆవకాయ పెట్టుకొనేవారు. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్నది. సాయంత్రము ఆరు గంటలకు సిగ్నలు దొరికి ఇంటికి చేస్తాడు. తల్లి కోడలి మీద చెబుతుంది. భార్య అత్త మీద చెబుతుంది. తమ్ముడు చీటీ డబ్బు కట్టలేదంటాడు. బోరు ఎండిపోయిందని తండ్రి, ఫీజు కట్టలేదని బడివారు పిల్లను బయట నిలబెట్టారని మరొకరు. ఏడు గంటలకు అతను రైఫిలు తీసుకొని నాకాకు పోతాడు. ఆరు గంటలు చీకటిలో, ఎవరితోనూ మాట్లాడకుండా, నిండు తుపాకితో, ఆ మాటలన్నీ తలలో త్రిప్పుకొంటూ కూర్చొంటాడు. చెప్పినవారు మాత్రం మనస్సు తేలికపడి నిద్రపోతారు.

ఊరికే భయపెట్టడానికి చెప్పడము లేదు. 2018 నుండి 2022 వరకు అయిదేండ్లలో కేంద్ర సాయుధ దళాలలో 654 మంది తమ ప్రాణము తామే తీసుకొన్నారని ప్రభుత్వము పార్లమెంటుకు తెలిపింది. వారిలో 174 మంది బి.ఎస్.ఎఫ్. వారు. 2022 మార్చిలో అమృత్‌సర్ దగ్గర ఖాసా అనే చోట ఒక జవాను తోటివారి మీద కాల్పులు జరపగా నలుగురు మరణించారు, తానూ మరణించాడు. ఇంటి సమస్యలు, జబ్బులు, డబ్బు ఇబ్బందులు కారణాలని ప్రభుత్వము చెబుతూ వస్తున్నది. అది సగము నిజమని మేమంటాము. ఇంటి సమస్య లేని ఇల్లు ఏది? ఆ సమస్య తీర్చుకోవడానికి సెలవు దొరకకపోవడము, నిద్ర లేకపోవడము, పై అధికారితో చెప్పుకొంటే పిరికివాడంటారన్న భయము, ఇవి మిగిలిన సగము. దళమువారు నెపము ఇంటి మీద, ఇంటివారు దళము మీద వేసుకొంటూ పోతే మధ్యలో నలిగేది ఆ పిల్లవాడే.

సెలవు లెక్క ఇది. ఏడాదికి 60 రోజులు ఆర్జిత సెలవు, దానికి తోడు సాధారణ సెలవు. ఏడాదికి 100 రోజులు కుటుంబముతో గడిపేలా చూస్తామని 2019లో హోం మంత్రి అమిత్ షా ప్రకటించారు. మనుషులు చాలక, ఎన్నికల డ్యూటీలకు పంపడము వలన, ఉద్రిక్తత వచ్చినప్పుడు అందరి సెలవులు రద్దు చేయడము వలన ఆ మాట పూర్తిగా నెరవేరడము కష్టముగానే ఉన్నది. త్రిపుర నుండి గాని, జైసల్మేర్ నుండి గాని మన ఊరు చేరడానికి రెండు మూడు రోజుల రైలు ప్రయాణము. అలా వచ్చినవానిని మనము ఏమి చేస్తున్నాము? మరునాడే పొలము సర్వే అని ఎమ్మార్వో ఆఫీసుకు, తరువాత చెల్లెలి సంబంధము కొరకు, తరువాత అప్పులవాళ్ల దగ్గరకు త్రిప్పుతాము. ఇరవై రోజులూ అయిపోతాయి. పిల్లలు నాన్నను పోల్చుకొనేసరికి పెట్టె సర్దుతాడు. వచ్చిన మొదటి నాలుగు రోజులు అతనిని ఎవ్వరూ ఏమీ అడగవద్దు. నిద్రపోనివ్వండి. పగలంతా పడుకొంటున్నాడని అత్తగారింటివారు ఆడిపోసుకొనవద్దు.

తిండి గురించి కూడా అడుగుతున్నారు. 2017 జనవరిలో ఒక కానిస్టేబుల్ పసుపు ఉప్పు తప్ప ఏమీ లేని పప్పును, మాడిన రొట్టెను వీడియో తీసి లోకానికి చూపించాడు. కొంత కలకలము రేగింది. ఆ ఏప్రిల్‌లో అతనిని ఉద్యోగము నుండి తీసివేశారు. అన్ని చౌకీలలోనూ అలాగే ఉంటుందని మేము అనము, కాని క్రమశిక్షణ ఉన్న దళములో ఫిర్యాదుకు ఒక దారి ఉంటుందనీ, ఫోనులో తీసి పంచడము ఆ దారి కాదనీ పిల్లలకు ముందే తెలిసి ఉండాలి. రీల్సు తీసే అలవాటున్న ఈ తరానికి ఇది మరీ అవసరము. యూనిఫారముతో, చౌకీ వెనుక కనబడేలా తీసిన ఒక్క ఫోటో ప్రమాదము తెస్తుంది. అందమైన ఆడపిల్ల పేరుతో స్నేహము కలిపి చోటు వివరాలు రాబట్టేవారు ఉన్నారు.

ఇక్కడ ఉండిపోయిన భార్య సంగతి విడిగా చెప్పాలి. చౌకీలో కుటుంబము ఉండడానికి వీలు లేదు. బెటాలియన్ హెడ్‌క్వార్టరులో క్వార్టర్లు ఉన్నా అందరికీ చాలవు. కాబట్టి పెండ్లయిన మొదటి సంవత్సరాలు ఆమె అత్తగారింట్లోనో, పుట్టింట్లోనో. జ్వరము వచ్చిన పిల్లవానిని రాత్రి ఆసుపత్రికి తీసుకుపోవాలంటే ఆటోవానితో ఒంటరిగా పోవాలి, పోతే ఊరు ఒక మాట అంటుంది. మన సంఘాలలో ఇటువంటి ఇండ్లు ఇప్పుడు ఒకటి రెండు లేనివి అరుదు. ఆమెకు కావలసినది జాలి మాటలు కావు. ఆసుపత్రికి తోడు వచ్చే ఒక పెద్దమ్మ, కరెంటు పోతే ఫ్యూజు వేసే ఒక అన్నయ్య ఉంటే, ఆమె రాత్రి ఫోనులో "అంతా బాగానే ఉన్నాము" అని అబద్ధము చెప్పవలసిన పని ఉండదు. ఈ దళాల కుటుంబాలకు 2021 నుండి ఆయుష్మాన్ కార్డు మీద నగదు లేని వైద్యము ఉన్నది. చాలా ఇండ్లలో కార్డు తీసుకొననే లేదు.

పెన్షన్ గురించి ఒక్క మాట. సైనికునికి ఉన్నట్టే వీరికీ పాత పెన్షన్ ఉంటుందని చాలామంది నమ్ముతున్నారు. 2004 జనవరి 1 తరువాత చేరినవారు కొత్త పద్ధతి క్రిందకు వచ్చారు, అంటే జీతములో నుండి కోసి దాచేది. పదోన్నతి కూడా నిదానము. పది, ఇరవై, ముప్పై ఏండ్లకు జీతపు మెట్టు పెరుగుతుంది గాని, కానిస్టేబుల్ హెడ్ కానిస్టేబుల్ కావడానికి చాలా కాలము పడుతుంది. జీతము చూసి కట్నము లెక్క వేసేవారు ఇది కూడా లెక్క వేసుకొనవచ్చును. కట్నము తప్పని మేము వేరే చెప్పాలా?

ఇప్పటికే పిల్లలు చేరి ఉన్న ఇండ్లవారు ఈ వారములోనే చేయవలసిన పని ఒకటి ఉన్నది. నామినీ పత్రములో ఎవరి పేరు ఉన్నదో అడిగి తెలుసుకొనండి. పెండ్లికి ముందు వ్రాసినది మార్చకుండా ఉండిపోయిన సందర్భాలు ఎన్నో. భార్య పేరు, పిల్లల పేర్లు సర్వీసు పుస్తకములో, ఆధార్‌లో ఒకే విధముగా ఉన్నాయో లేదో చూడండి. చర్చిలో పెట్టిన పేరు ఒకటి, బడిలో పేరు ఒకటి ఉండే మన ఇండ్లలో దీనితో చాలా తిప్పలు వస్తాయి. "మీవాడు ఎక్కడ?" అంటే "పంజాబ్‌లో" అని చెప్పడమే గాని, బెటాలియన్ నంబరు, హెడ్‌క్వార్టరు ఊరి పేరు, అక్కడి కంట్రోల్ రూము ఫోను నంబరు చాలామందికి తెలియవు. సెల్లులో దాచుకొంటే సెల్లు పోయినరోజు అదీ పోతుంది. గోడ మీది క్యాలెండరు వెనుక పెన్నుతో వ్రాసి పెట్టుకొనండి, ఏడాది మారినప్పుడు కొత్త క్యాలెండరు మీదికి ఎక్కించుకొనండి.